థ్రెడ్ కోణం నేర్పుతున్నాం, పని గంటల కథ నేర్పడం లేదు: ఐటీఐ పాఠ్యాంశాలు నిర్ణయించేవారికి ఒక టర్నర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఐటీఐ శిక్షణ, పాఠ్యాంశాల విభాగాల అధికారులకు, ప్రిన్సిపాళ్లకు, తోటి ఇన్‌స్ట్రక్టర్లకు,

నమస్కారం.

నేను 31 ఏళ్లు లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ కోసే మెషిన్ మీద, పనిచేసిన టర్నర్‌ని. రిటైరయ్యాక నాలుగేళ్లు ఒక ఐటీఐలో గెస్ట్ ఇన్‌స్ట్రక్టర్‌గా పిల్లలకు పని నేర్పాను. యంత్రాల పనివాళ్ల చరిత్ర, పని గంటల చట్టం ఐటీఐల్లో పాఠంగా పెట్టమన్నదే ఈ లేఖలో ఉన్న విషయం. అది మీకు కొత్తది కాదు. రెండేళ్లలో మూడుసార్లు రిజిస్టర్ పోస్టులో వినతిపత్రాలు పంపాను. రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. మీ మీద నాకు కోపం లేదు. మీలో చాలామంది వర్క్‌షాపు నేల మీద నిలబడి పైకి వచ్చినవాళ్లేనని తెలుసు. నేను చెప్పేది మీకు అర్థం కాకపోదనే నమ్మకంతోనే రాస్తున్నాను.

ముందు ఒక పిల్లవాడి సంగతి చెప్పాలి. పేరు, ఊరు రాయను. నా దగ్గర టర్నర్ ట్రేడ్ చదివాడు. వాడి చేతిలో జాబ్ (లేత్ మీద కోసే లోహపు ముక్క) పడితే మైక్రోమీటర్ పెట్టి చూసే పనే ఉండేది కాదు, అంత ఒడుపు. పాసైన ఎనిమిది నెలలకు వాళ్ల నాన్న ఫోన్ చేస్తే ఆసుపత్రికి వెళ్లాను. కుడిచేతికి మోచేయి దాకా కట్టు. రెండు వేళ్లు పోయాయి. నైట్ షిఫ్టు, పన్నెండు గంటల పని, తెల్లవారుజామున నాలుగు దాటింది. జాబ్ తిరుగుతుండగానే టూలు దగ్గర చుట్టలు చుట్టుకున్న చిప్స్‌ని (లోహపు తురుముని) చేత్తో లాగబోయాడు. చిప్ గ్లౌజుకి పట్టుకుంది, గ్లౌజుతో పాటు చేతిని లోపలికి లాగేసింది. లేత్ మీద గ్లౌజు వేసుకోకూడదని, చిప్స్ హుక్‌తోనే తీయాలని, అదీ మెషిన్ ఆపాకేనని మొదటి వారంలో నేనే చెప్పాను. వాడు పరీక్షలో కూడా రాశాడు. పదకొండో గంటలో, నిద్ర కళ్లతో ఉన్నవాడికి ఆ పాఠం గుర్తుకు రాదు.

వాడు నన్ను అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "సార్, ఎనిమిది గంటలు దాటితే డబుల్ ఇవ్వాలంట కదా, నిజమేనా?" పక్క మంచం మీద ఉన్న ఎవరో చెప్పారట. రెండేళ్లు నా ముందు కూర్చున్న పిల్లవాడు ఆ మాట నా నోట వినలేదు. నేను పాఠంగా చెప్పలేదు, నాకు ఇచ్చిన పుస్తకాల్లో దానికి చోటు లేదు. ఉద్యోగంలో చేరిన రోజు ఒక తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని కూడా వాడు అప్పుడే చెప్పాడు. ఆ కాగితంలో తర్వాత ఏం రాసుకున్నారో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

అయ్యా, విట్‌వర్త్ థ్రెడ్ (బోల్టు మీద ఉండే మర) కోణం ఎంత అని అడిగితే మన పిల్లలు 55 డిగ్రీలని తడుముకోకుండా చెబుతారు. మెట్రిక్ 60 అని కూడా చెబుతారు. ఆ విట్‌వర్త్ ఎవరు, అతని కాలంలో ఆ థ్రెడ్లు కోసిన చేతులు రోజుకు ఎన్ని గంటలు పనిచేసేవి, ఎనిమిది గంటల రోజు ఎవరి పస్తుల మీద వచ్చింది అని అడిగితే మౌనమే. నేనూ యాభై దాటాకే తెలుసుకున్నాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మా పనివాళ్ల కథలో మొదటి అధ్యాయం ఇది.

లేత్‌కి స్లయిడ్ రెస్టు (టూలును పట్టి జరిపే భాగం), లీడ్ స్క్రూ (దాన్ని సమంగా నడిపే పొడవాటి మర) కలిపి కచ్చితమైన థ్రెడ్ కోసే మెషిన్‌గా తీర్చిదిద్దిన హెన్రీ మాడ్‌స్లే లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే తాళాల తయారీదారు దగ్గర హెడ్ ఫోర్‌మన్. వారానికి 30 షిల్లింగుల జీతం. పెళ్లాం బిడ్డలున్నారు, కొంచెం పెంచండి అని అడిగితే బ్రామా కాదన్నాడు. మాడ్‌స్లే 1797లో బయటికొచ్చి సొంత వర్క్‌షాపు పెట్టుకున్నాడు. ఆ వర్క్‌షాపులో పనిచేసి వెళ్లినవాళ్లలో జోసెఫ్ విట్‌వర్త్ ఒకడు, ఆవిరి సుత్తి కనిపెట్టిన జేమ్స్ నాస్మిత్ ఒకడు. విట్‌వర్త్ 1841లో థ్రెడ్‌లకు ఒక ప్రమాణం పెట్టాడు. అదే మన పిల్లలు వల్లె వేసే 55 డిగ్రీలు.

మాడ్‌స్లేకి బయటికి వెళ్లి షాపు పెట్టుకునే నేర్పు, అవకాశం రెండూ ఉన్నాయి. మిగతా వేలమందికి? అప్పటి ఇంగ్లండులో జీతం పెంచమని ఇద్దరు కలిసి అడగడమే నేరం. 1799, 1800 కాంబినేషన్ చట్టాల కింద మూడు నెలల జైలు వేసేవాళ్లు. ఆ చట్టాలు 1824లో రద్దయ్యాయి. రెండేళ్లు తిరక్కుండా, 1826లో, మాంచెస్టర్‌లో ఆవిరి యంత్రాలు తయారుచేసే పనివాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. జనం దాన్ని ఓల్డ్ మెకానిక్స్ అని పిలిచేవాళ్లు. జబ్బు చేస్తే, పని పోతే, మనిషి పోతే ఒకరికొకరు ఆదుకునే చందాల పెట్టె అది.

విలియం అలన్, విలియం న్యూటన్ అనే ఇద్దరు పనివాళ్లు చిన్న చిన్న సంఘాలన్నిటినీ ఒక్కటి చేయడానికి తిరిగారు. సంఘం పని చేసినందుకే న్యూటన్ ఉద్యోగం పోయింది. 1851 జనవరిలో కొత్త సంఘం మొదలైంది. దాని పూర్తి పేరులో ఇంజనీర్లు, మెషినిస్టులు, స్మిత్‌లు, మిల్‌రైట్లు, ప్యాటర్న్ మేకర్లు అని వరసగా ఉంటుంది. ఆ పేరు చదువుతుంటే మన ఐటీఐ నోటీసు బోర్డు మీద ట్రేడుల జాబితా చదివినట్టే ఉంటుంది. చందా వారానికి ఒక షిల్లింగు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కానీ ప్రమాదంలో పనికి పనికిరాకుండా పోయిన సభ్యుడికి 100 పౌండ్లు ఇచ్చేవాళ్లు. నా విద్యార్థి వేళ్లు పోయిన రోజు వాడి జేబులో ఈఎస్‌ఐ కార్డు కూడా లేదు.

ఆ ఏడాదే ఓల్డామ్‌లో గొడవ మొదలైంది. అక్కడి హిబ్బర్ట్ అండ్ ప్లాట్ కంపెనీ నూలు మిల్లులకు యంత్రాలు తయారుచేసేది. తర్వాత ప్లాట్ బ్రదర్స్‌గా పేరుపొందింది ఆ కంపెనీయే. బొంబాయి మిల్లులకు చాలా యంత్రాలు అక్కడినుంచి వచ్చాయి. పనివాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైనవి రెండు. రోజూ తప్పనిసరిగా చేయించే ఓవర్‌టైమ్ ఆపండి, పీస్ రేటు (చేసిన ముక్కకు ఇంత అని ఇచ్చే కూలి) తీసేయండి. యంత్రం విరిగి అత్యవసరమైతే ఓవర్‌టైమ్ చేస్తాం, దానికి రెట్టింపు ఇవ్వండి అన్నారు. నా విద్యార్థి మంచం మీదనుంచి అడిగిన మాట ఇదే. నూట డెబ్బై ఏళ్ల పైబడిన మాట.

1851 డిసెంబరు 31 నుంచి ఓవర్‌టైమ్, పీస్ రేటు చేయబోమని సంఘం ప్రకటించింది. యజమానులు కూడా ఒక సంఘంగా ఏర్పడి 1852 జనవరి 10న లాంకషైర్‌లోనూ లండన్‌లోనూ గేట్లు మూసేశారు. లాకౌట్. సంఘ సభ్యులు సుమారు 3,500 మంది బయట పడ్డారు. వాళ్లతో పాటు సంఘంలో లేని నిపుణులు 1,500 మంది. వీళ్లందరి కింద పనిచేసే కూలీలు, హెల్పర్లు దాదాపు పదివేల మంది. ఈ పదివేల మంది ఏ కోరికా కోరలేదు. సంఘంలో వాళ్లకు చోటు లేదు. పొయ్యిలో పిల్లి లేవనిది మాత్రం ముందు వాళ్ల ఇళ్లలోనే.

మూడు నెలలు గడిచాయి. డబ్బు అయిపోయింది. ఏప్రిల్‌లో పనివాళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లాలంటే ఒక షరతు. సంఘంలో ఉండనని, ఇకపై చేరనని రాసిన పత్రం మీద సంతకం పెట్టాలి. దాన్ని అందరూ డాక్యుమెంట్ అనే అనేవాళ్లు. పెళ్లాం బిడ్డల ముఖం చూసి చాలామంది సంతకం పెట్టారు. బలవంతపు సంతకానికి కట్టుబడక్కర్లేదని తీర్మానించుకుని లోపల్లోపల చందా కడుతూనే ఉన్నారు. కొందరు దేశమే విడిచి వెళ్లారు. ఫ్రాన్సిస్ వాకర్ అనే ఓడలో సిడ్నీకి బయల్దేరిన పాతికమందికి పైగా ఇంజనీర్లు సముద్రం మీదే సమావేశమై సంఘానికి ఆస్ట్రేలియా శాఖ పెట్టుకున్నారు. ఓడిపోయి, ఊరొదిలి పోతూ కూడా మినిట్స్ పుస్తకం తెరిచారంటే ఆ మనుషులకు ఆ సంఘం ఏమై ఉంటుందో ఆలోచించండి.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. మెషిన్ పనిలో నైపుణ్యం లేని కూలీలను పెట్టవద్దు, తీసేయండి అని కూడా ఓల్డామ్ పనివాళ్లు అడిగారు. కడుపు నింపుకోవడానికి మెషిన్ దగ్గరకొచ్చిన మనిషిని తీసేయమనడం తప్పే. అదే సంఘం వారసులు ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకున్నది 1943లో. ఈ తప్పులు కూడా పిల్లలకు చెప్పాలి. పొగడ్తల పాఠం నాకు వద్దు. 1852 ఓటమికి కారణాలు పది ఉండొచ్చు. నిపుణుడు ఒక పక్క, హెల్పర్ ఒక పక్క విడిపోయి ఉండటం వాటిలో పెద్దదని నేను నమ్ముతున్నాను.

అలా ఎందుకు నమ్ముతున్నానంటే, పందొమ్మిదేళ్ల తర్వాత న్యూకాసిల్‌లో జరిగింది చూడండి. 1871లో ముందు సండర్‌లాండ్ పనివాళ్లు నాలుగు వారాల సమ్మెతో రోజుకు తొమ్మిది గంటల పని గెలుచుకున్నారు. అది చూసి పక్కనే ఉన్న న్యూకాసిల్ కదిలింది. వారానికి 59 గంటల పనిని 54కి తగ్గించమన్నారు. అటువైపు యజమానుల నాయకుడు ఫిరంగుల తయారీలో పేరుమోసిన సర్ విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. ఇటువైపు జాన్ బర్నెట్ అనే సామాన్య మెకానిక్. సమ్మెలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఏ సంఘంలోనూ లేరు. అందుకే నైన్ అవర్స్ లీగ్ అని ఒక వేదిక పెట్టి, సభ్యుడా కాదా అని అడక్కుండా అందర్నీ అందులోకి తీసుకున్నారు. యజమానులు బెల్జియం, జర్మనీల నుంచి మనుషుల్ని ఓడల్లో దించారు. సమ్మెదారులు వాళ్లకు నచ్చజెప్పి చాలామందిని తిరుగుప్రయాణం కట్టించారు. మేలో మొదలైన సమ్మె అక్టోబరులో ముగిసింది. 54 గంటలు వచ్చాయి. ఆ గెలుపు చూసి దేశంలో మిగతా ఇంజనీరింగ్ షాపులు కూడా ఒకదాని వెనక ఒకటి తొమ్మిది గంటలకు దిగాయి.

అధికారులైన మీరు గమనించాల్సింది ఒకటి ఉంది. ఆ బర్నెట్‌నే 1886లో బ్రిటిష్ ప్రభుత్వం పిలిచి కార్మిక వ్యవహారాల గణాంకాలు చూసే ఉద్యోగం ఇచ్చింది. పనివాడి అనుభవం సర్కారుకు పనికొస్తుందని వాళ్లు అప్పుడే ఒప్పుకున్నారు.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండులో జరిగింది, మనకెందుకు అంటారేమో. ఆ 54 గంటల వారం మన దేశపు ఫ్యాక్టరీ చట్టంలోకి వచ్చింది 1934లో. అంటే 63 ఏళ్ల తర్వాత. అంతకుముందు 1922 చట్టం ప్రకారం వారానికి 60 గంటలు, రోజుకు 11. వారానికి 48 గంటలు వచ్చింది స్వాతంత్య్రానికి ఒక ఏడాది ముందు. ఈ మెట్లు ఎవరూ ఊరికే కట్టి ఇవ్వలేదు. 1862లోనే హౌరా రైల్వే కార్మికులు 1,200 మంది ఎనిమిది గంటల పని కోసం పని ఆపారు. 1918 ఏప్రిల్‌లో మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. దాని అధ్యక్షుడు బి.పి.వాడియా మీద కంపెనీ నష్టపరిహారం కోరుతూ హైకోర్టుకు వెళ్లి ఇంజంక్షన్ (అడ్డుకునే ఉత్తర్వు) తెచ్చింది. యూనియన్ పెట్టుకుంటే నష్టపరిహారం కట్టాలా అని దేశమంతా అడిగిన ఆ ప్రశ్నకు జవాబుగానే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. 1927లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో సమ్మె, లాకౌట్ జరిగాయి. ఆ వర్క్‌షాపులో మన తెలుగువాళ్లు ఎంతమందో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లను అడగండి. ఆ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల్ని నడిపించిన మన వి.వి.గిరి గారే తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఆయన పేరు జనరల్ నాలెడ్జ్ బిట్‌గా మన పిల్లలకు తెలుసు. ఆయన వర్క్‌షాపు కార్మికుల నాయకుడని తెలియదు.

ఇది తెలియకపోవడం వల్ల పిల్లలకు జరుగుతున్న నష్టం ఇక్కడ రాస్తున్నాను. అన్నీ నేను కళ్లారా చూసినవి.

1. పన్నెండు గంటల షిఫ్టునే మామూలు షిఫ్టు అనుకుంటున్నారు. ఉద్యోగం ఎలా ఉంది అని అడిగితే "బాగుంది సార్, పన్నెండు గంటలే" అన్న పిల్లవాణ్ణి చూశాను. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్‌లో ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం (కోడ్)లోనూ రెట్టింపే ఉంది. పిల్లల చేతికి వచ్చేది మాత్రం మామూలు గంటకు ఎంతో అంతే, కొన్నిచోట్ల అదీ లేదు.

2. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తున్నారు. 1852 డాక్యుమెంట్ మీద కనీసం ఏం రాసి ఉందో ఆ పనివాళ్లకు తెలుసు. మన పిల్లలు పెట్టేది ఖాళీ కాగితం మీద. రాజీనామా లెటర్ కూడా ముందే రాయించుకుని తేదీ వేయకుండా దాచుకున్న చోట్లు ఉన్నాయి. చదువుకున్న పిల్లలు కదా, ఎందుకు పెట్టారు అంటే, అందరూ పెట్టారు సార్ అంటారు.

3. అప్రెంటిస్‌ల పరిస్థితి ఇంకా అన్యాయం. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా వాళ్లతో ఓవర్‌టైమ్ చేయించకూడదు. అడ్వైజర్ కూడా శిక్షణకో, ప్రజాప్రయోజనానికో మేలు అనుకుంటేనే అనుమతివ్వాలి. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని 16వ సెక్షన్ చెబుతోంది. అప్రెంటిస్‌గా వెళ్లిన నా విద్యార్థుల్లో ఈ రెండు సంగతులూ తెలిసినవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. వాళ్ల చేత ప్రొడక్షన్ తీయించుకుంటున్నారు, దెబ్బ తగిలితే నువ్వు వర్కర్‌వి కాదుగా అంటున్నారు.

4. చిన్న షెడ్లలో పనిచేసేవాళ్లకు ఆసరా ఇంకా తగ్గింది. కరెంటు మీద నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది పాత చట్టం. కొత్త కోడ్ ఆ సంఖ్యను ఇరవై చేసింది. మన పిల్లల్లో చాలామంది చేరేది నాలుగు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్ ఉన్న షెడ్లలోనే. దాని పైన 2025లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా అనుమతిచ్చింది, వారానికి 48 గంటల పరిమితి ఉంచుతూ. పెద్ద కంపెనీలో ఇలాంటి మార్పు వస్తే అడిగే సంఘం ఉంటుంది. షెడ్డులో ముగ్గురు హెల్పర్లు, ఒక ఐటీఐ కుర్రాడు. ఎవరు ఎవరిని అడగాలి?

5. కాంట్రాక్టు కుర్రాడు, పర్మినెంట్ వర్కర్ ఒకే మెషిన్ లైనులో పక్కపక్కన నిలబడి పనిచేస్తారు, క్యాంటీన్‌లో వేరే బెంచీల మీద కూర్చుంటారు. ఇది నేను నా సర్వీసులో రోజూ చూశాను. నేనూ పర్మినెంట్ బెంచీ మీదే కూర్చున్నాను, ఆ సిగ్గు నాకుంది. ఓల్డామ్, న్యూకాసిల్ కథలు నాకు ఇరవయ్యో ఏట తెలిసి ఉంటే లేచి ఆ పక్క బెంచీకి వెళ్లి ఉండేవాణ్ణేమో.

కొందరు అధికారులు నాతో నోటిమాటగా అన్నది ఒకటి ఉంది. యూనియన్ల సంగతి నేర్పితే కంపెనీలు మన పిల్లల్ని తీసుకోవు, ప్లేస్‌మెంట్లు పడిపోతాయి అని. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. పేదింటి పిల్లలు, ఉద్యోగం రాకపోతే ఇంట్లో ఎంత టెన్షనో నాకు తెలుసు. అయినా ఆలోచించండి. సమ్మె చేయమని నేర్పమని నేను అడగడం లేదు. దేశంలో అమల్లో ఉన్న చట్టం ఏమిటో, అది ఎలా పుట్టిందో చెప్పమంటున్నాను. ట్రాఫిక్ రూల్స్ నేర్పితే బండి అమ్మకాలు పడిపోతాయా? తన హక్కు తెలిసిన కుర్రాడు మెషిన్ గార్డు తీసేసి పనిచేయమంటే చేయనంటాడు. దానివల్ల యజమానికీ మేలే. నేను చూసిన మంచి యజమానులు ఈ మాట ఒప్పుకుంటారు, అలాంటివాళ్లు ఉన్నారు.

నైపుణ్యం ఉంటే చాలు, ఎవడి బతుకు వాడు చూసుకుంటాడు అనేవాళ్లూ ఉన్నారు. నేను పైన చెప్పిన నాస్మిత్ రాయల్ కమిషన్ (బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) ముందు ఏం చెప్పాడో వాళ్లు వినాలి. తనంతట తాను నడిచే యంత్రాలు తెచ్చాక పెద్దవాళ్లను 1,500 నుంచి 750కి తగ్గించానని, లాభం బాగా పెరిగిందని చెప్పాడు. ఇప్పుడు మన పిల్లల ముందుకు కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషిన్ వచ్చింది, రోబో చేతులు వస్తున్నాయి. ఒక్కడి నైపుణ్యం ఒక్కడినే కాపాడలేదని ఆ 750 మందికి అప్పుడే తెలిసింది.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. ఏదీ కోట్ల ఖర్చుతో కూడింది కాదు.

1. ఎంప్లాయబిలిటీ స్కిల్స్ సబ్జెక్టులో ఇంటర్వ్యూకి ఎలా కూర్చోవాలో, మెయిల్ ఎలా రాయాలో నేర్పుతున్నాం. మంచిదే. అందులోనే ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, వెల్డర్ ట్రేడులకు 12 గంటల పాఠం కేటాయించండి. సగం యంత్రాల తయారీ పనివాళ్ల చరిత్ర, మాంచెస్టర్ నుంచి మద్రాసు, ఖరగ్‌పూర్ దాకా. సగం ఇవాళ్టి చట్టం. గెలుపులతో పాటు ఓటములు, సంఘాలు చేసిన తప్పులు కూడా ఉండాలి. తెలుగులో ఉండాలి. పరీక్షలో మార్కులుండాలి. మార్కుల్లేని పాఠాన్ని పిల్లలు చదవరు, మేమూ చెప్పం.

2. పని గంటలు, ఓవర్‌టైమ్ రేటు, అప్రెంటిస్‌ల ఓవర్‌టైమ్ నిబంధన, ఈఎస్‌ఐ అర్హత, ఫిర్యాదు చేయాల్సిన కార్యాలయం ఫోన్ నంబరు, ఇవన్నీ పెద్ద అక్షరాలతో ఒక చార్టు మీద రాయించి ప్రతి ఐటీఐ వర్క్‌షాపులో సేఫ్టీ చార్టు పక్కనే పెట్టండి. చట్టం మారినప్పుడల్లా చార్టు మార్చండి.

3. క్యాంపస్‌కి వచ్చే ప్రతి కంపెనీ, ప్రతి కాంట్రాక్టరు పిల్లలతో సంతకం పెట్టించుకునే ప్రతి కాగితం కాపీని ఆ రోజే పిల్లల చేతికి ఇవ్వాలని షరతు పెట్టండి. ఒక కాపీ ప్రిన్సిపాల్ దగ్గర ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్నట్టు తేలిన సంస్థను మళ్లీ గేటు లోపలికి రానివ్వకండి.

4. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది పిల్లలకు మూడు నెలలకొకసారి ఐటీఐ నుంచి ఫోన్ చేయించండి. ప్లేస్‌మెంట్ వచ్చిందా లేదా అన్నది మాత్రమే ఇప్పుడు లెక్క. ఎన్ని గంటలు చేస్తున్నావు, ఓటీ ఎంత ఇస్తున్నారు, దెబ్బలేమైనా తగిలాయా అన్న ఈ మూడు ప్రశ్నలు ఆ లెక్కలో చేర్చండి. వచ్చిన జవాబులు కార్మిక శాఖకు పంపండి.

5. రిటైరైన టర్నర్లు, ఫిట్టర్లు, పాత యూనియన్ కార్యదర్శులు హైదరాబాద్‌లో, విశాఖలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లను ఆరు నెలలకు ఒకసారి పిలిచి పిల్లలతో మాట్లాడించండి. టీఏ డీఏలు ఎవరూ అడగరు. టీ ఇస్తే చాలు.

6. ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కుదరదనుకుంటే ఎందుకు కుదరదో రాయండి, నేను చదువుతాను, అందరికీ చదివి వినిపిస్తాను.

తోటి ఇన్‌స్ట్రక్టర్లకు ఒక్క మాట విడిగా. పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. థ్రెడ్ కట్టింగ్ పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద 55 డిగ్రీల బొమ్మ గీస్తారు కదా. దాని పక్కన 1852, 1871, 54 గంటలు అని మూడు మాటలు రాసి ఐదు నిమిషాలు చెప్పండి. సిలబస్ తప్పినట్టు కాదు. నేను ఆ పని చేయకుండా నాలుగేళ్లు పోగొట్టుకున్నాను.

నా విద్యార్థి ఇప్పుడు ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. పరిహారం కోసం దరఖాస్తు పెట్టాం. ఆ తెల్ల కాగితం సంగతి దానిలో రాశాం. ఈ లేఖ చిత్తుప్రతి వాడికి చదివి వినిపించాను. ఓడలో పెట్టిన శాఖ గురించి రెండుసార్లు అడిగాడు. మూడో కోరిక వాడు చెప్పినదే.

30 రోజులు చూస్తాను. జవాబు రాకపోతే ఈ ఆరు కోరికలతో రెండు రాష్ట్రాల్లోని ఐటీఐ పూర్వ విద్యార్థుల సంతకాలు సేకరించి, మీ కార్యాలయానికి నేనే స్వయంగా తీసుకొస్తాను.

ఇట్లు
మీ విధేయుడు
ఒక రిటైర్డ్ టర్నర్, హైదరాబాద్